సముద్రం వైపు గోడ

మా గవ్వలపేటను పట్నంలో కలిపాక మొదట ఇంటి పన్ను వచ్చింది, దాని వెనకాలే సౌందర్యం వచ్చింది. పన్ను ఎలాగో కట్టేశాం. సౌందర్యంతోనే పేచీ పడింది.

పేట అంటే పెద్దదేం కాదు. కొండ ముక్కు కింద, సముద్రానికీ బీచి రోడ్డుకీ మధ్య ఇరుక్కున్న నూట నలభై ఇళ్లు. రోడ్డుకవతల ఈమధ్యనే లేచిన అపార్టుమెంట్లు, ఇవతల నీళ్ల ట్యాంకు, ట్యాంకు నీడలో నా జెరాక్సు కొట్టు. పడవకి వెయ్యగా మిగిలిన రంగు ఇంటికి వేసుకోవడం మా పేట అలవాటు. డబ్బా చాలకపోతే ఇంకొకడి దగ్గర మిగిలింది అడిగి తెచ్చి, గోడ సగం ఆకుపచ్చ, సగం నారింజ వేస్తారు. ఎవరో మిఠాయి కొట్టుని బోర్లించినట్టుంటుంది పేట. మాకెప్పుడూ అది తప్పనిపించలేదు. పైనుంచి ఫొటో తీసిన డ్రోనుకి అనిపించింది.

ఆ ఏడు తీరప్రాంతపు వార్డులన్నిటికీ అందాల పోటీ పెట్టారు. పరిశుభ్రతలో మాకు యాభై రెండు మార్కులొచ్చాయి. "వర్ణ క్రమశిక్షణ" అనే అంశంలో మాత్రం వందకి మూడు. ఆ మూడూ శ్మశానం ప్రహరీకి సున్నం వేసి ఉన్నందుకట.

నెల తిరక్కుండా తీర సౌందర్య విభాగం ప్రత్యేకాధికారి వరప్రసాదరాజు గారు జీపు దిగారు. ట్యాంకు కింద కుర్చీలు వేయించి, మైకు సర్దుకుని, పేటనంతా ఒకసారి జాలిగా చూశారు.

"మీ ఇళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి. ఈ వర్ణ కలహమును నివారించి, తీరమునకు దృశ్య శాంతిని చేకూర్చుటయే మా విభాగపు ధ్యేయం. సముద్రము ఏ రంగో తీరము ఆ రంగు. ఇదీ పథకం," అని జేబులోంచి చిన్న అట్టముక్క తీసి పైకెత్తి చూపించారు. "సాగర నీలం. షేడు నంబరు నాలుగు వందల పదిహేడు."

వెనక వరసలోంచి పడవ నడిపే దానయ్య లేచాడు. "మా సముద్రం ఆనలప్పుడు బురద రంగులో ఉంటాది బాబూ. అప్పుడు మళ్లీ మారుస్తారేటి?"

"సముద్రపు రంగు విషయమై నిపుణుల కమిటీ ఇదివరకే నిర్ణయం తీసుకున్నది," అన్నారు రాజుగారు. "అది నాలుగు వందల పదిహేడే."

దానయ్య కూర్చున్నాడు. మైకు కట్టేశారు. మర్నాటి నుంచి రంగు డబ్బాల లారీలు రావడం మొదలైంది.

ఇక్కడ అసిరమ్మ ఇంటి సంగతి చెప్పాలి. పేట కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిమొన మీద ఉంటుంది ఆ మేడ. రోడ్డు వైపు నుంచి చూస్తే మామూలు ఇల్లే. సముద్రం వైపు గోడ కిందకి మాత్రం అడుగు పెట్టే చోటు లేదు. ఉన్న కాస్త ఇసుకా రెండేళ్ల కిందట కోతకి పోయింది. అలలు తిన్నగా వచ్చి రాళ్లని కొడతాయి. ఆ గోడ చూడాలంటే సముద్రంలోంచి చూడాల్సిందే. అసిరమ్మ మొగుడు ఎల్లాజీ బతికుండగా ఆ గోడకి ముదురు గులాబీ రంగు వేశాడు, మైళ్ల దూరం కనపడేలాగ. అదే వారం అదే రంగు చీర కూడా తెచ్చాడని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ రంగు షోకు కోసం వేసింది కాదు. సముద్రంలో వీధులుండవు కదా. ఒడ్డు మీద రెండు గుర్తులు ఎంచుకుని, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవ నిలుపుకుని, తామెక్కడున్నారో తెలుసుకుంటారు మావాళ్లు. గులాబీ గోడ తిన్నగా కొండ ముక్కు కిందకి వస్తే, పడవ కింద నీళ్ల అడుగున రాతిబండ ఉన్నట్టు. గులివిందలూ కోనాలూ లాంటి మంచి ధర పలికే చేపలు దొరికేది ఆ బండ మీదే. తిరిగొచ్చేటప్పుడు అదే గోడని ఒంటితాడి చెట్టు పక్కన పెట్టుకుని వస్తే, రెండు పక్కలా ఉన్న రాళ్లకి తగలకుండా పడవ రేవులోకి జారుతుంది. ఎల్లాజీ పోయాక అతని తమ్ముడు దానయ్య పడవ నడుపుతున్నాడు, తెచ్చిన చేపలు వదిన అసిరమ్మ అపార్టుమెంట్ల దగ్గర గంపలో అమ్ముతుంది. రెండిళ్లకీ తిండి ఆ గోడ మీద ఉంది.

రంగులవాళ్లు ఆ గోడ దగ్గరికొచ్చేసరికి నిచ్చెన ఆన్చడానికి చోటు లేదు. ఒకణ్ణి నడుముకి తాడు కట్టి మేడ మీంచి దింపారు. తాడు రెండో కొస అసిరమ్మ పట్టుకుంది, ఇంకెవరి చేతులూ ఆమెకి నమ్మకం లేక.

"ఈ గోడ మీకెవ్వరికీ కనపడదు కదా బాబూ, ఒగ్గీండి," అంది రాజుగారితో.

"అమ్మా, దృశ్యము సముద్రము వైపు నుంచే కదా. అసలైన ముఖం ఇదే."

"మాకూ ఇదేనండి అసలైంది. మా మరిది దీన్ని సూసే ఇంటికొత్తాడు."

"ఇంటిని కదపడం లేదమ్మా. ఇల్లు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాని వర్ణమును మాత్రమే సమన్వయపరుస్తున్నాం."

తాడుకి వేలాడుతున్నవాడు కిందనుంచి, "అమ్మా, మీరు మాటాడుతుంటే తాడు జారుతోందండీ," అన్నాడు. అసిరమ్మ మాట మానేసి తాడు బిగించి పట్టుకుంది. సాయంత్రానికి గులాబీ గోడ నాలుగు వందల పదిహేడైపోయింది.

పదిహేను రోజుల్లో పేట మొత్తం నీలం. ట్యాంకు, బడి, అమ్మవారి గుడి అరుగు, ఒంటితాడి చెట్టు మొదలు నుంచి మట్టల దాకా. కొండ ఒక్కటే మిగిలిపోయింది. "అది అటవీ శాఖ పరిధిలో ఉన్నది. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి," అని రాజుగారు కొంచెం నొచ్చుకున్నారు.

మొదట్లో పేటకి తమాషాగానే ఉంది. గ్యాసు బండవాడు ఒకే ఇంటికి మూడుసార్లు బండ దింపి, ఆ ఇంటివాళ్లు ఇంత వంట ఏం చేస్తున్నారని నన్నడిగాడు. అప్పలకొండ మేకలు రెండు సందులవతలి ఇంట్లో కాపరం పెట్టాయి. నాలుగో వీధికి రావలసిన కొత్త అల్లుడు మూడో వీధిలో దిగి, కాళ్లు కడుక్కుని, చేపల పులుసుతో భోంచేసి, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక గాని సంగతి బయటపడలేదు. పులుసు బాగుందనీ, అల్లుడు మంచివాడనీ రెండు వైపులా అన్నారు కాబట్టి గొడవ కాలేదు.

సముద్రం మీద మాత్రం తమాషా లేదు. మైలు దూరం పోయేసరికి ఒడ్డు కరిగి నీళ్లలో కలిసిపోతోంది. దానయ్య మూడు రోజులు బండ కోసం వెతికి వట్టి వల తెచ్చాడు. నాలుగో రోజు రేవనుకుని రాళ్లలోకి వచ్చాడు. పడవ ముక్కు పగిలింది, అతని మోచెయ్యి చీరుకుపోయింది. ఆ తర్వాత నుంచి మా పడవలన్నీ మూడు మైళ్లవతల చినరేవులో దిగడం మొదలెట్టాయి. చినరేవు వాళ్లకీ మాకూ తాతల నాటి పేచీ. మా చేపల మీద వేలంలో మొదటి పాట వాళ్లు పాడుకుని, మంచివి ఏరుకున్నాక మిగిలినవే మాకిచ్చేవారు. అసిరమ్మ గంపలో కవళ్లలాంటి చవక చేపలు తప్ప మరేం కనపడేది కాదు. అపార్టుమెంట్ల అమ్మలు వంగి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయేవారు.

పేటలో దరఖాస్తులు రాసేది నేనే కాబట్టి, అసిరమ్మ గోడకి పాత రంగు వేసుకోనివ్వమని ఒకటి రాసి దానయ్యతో పాటు కార్యాలయానికి వెళ్లాను.

రాజుగారు రెండుసార్లు చదివారు. "గుర్తు కోసం ఒక గోడ. ఈ శతాబ్దంలో. మీకు జీపీఎస్ ఇవ్వలేదా?"

"ఇచ్చేరు బాబూ," అన్నాడు దానయ్య. "ఉప్పునీళ్లు పడి మూడుసార్లు సచ్చిపోనాది. మా ఒదిన గోడ ఇరవై ఏళ్లలో ఒక్కసారీ సావలేదు."

"గోడ ఇప్పుడు కూడా ఉన్నది కదా."

"ఉందండి. కనపడదు."

"కనపడకపోవడమే పథకం లక్ష్యం," అన్నారు రాజుగారు ఓపికగా. "తీరము సముద్రములో లీనము కావలెను. ఒకవేళ కనపడుచున్నచో రెండవ పూత వేయవలసి ఉంటుంది. కనపడలేదని మీరే వ్రాతపూర్వకంగా తెలియజేశారు. చాలా సంతోషం." నా దరఖాస్తుని ఫైల్లో "ప్రజల ప్రశంసలు" అన్న పేజీకి కుట్టించారు.

బయటికొచ్చాక దానయ్య నా భుజం మీద చెయ్యేశాడు. "తమ్ముడూ, నువ్వింకోపాలి బాగా రాయకురా."

పోటీకి మళ్లీ తనిఖీ దగ్గరపడేకొద్దీ ఉత్తర్వులు చిక్కనయ్యాయి. సముద్రం వైపు దండేల మీద ఇతర వర్ణముల బట్టలు ఆరవేయరాదు. వీధి చివర కుంకుమ, పసుపు రంగు ముగ్గులు వేయరాదు. పడవలు నాలుగు వందల పదిహేడులోకి మారవలెను. వార్డు కార్యదర్శి కుసుమ ఇంటింటికీ తిరిగి, రంగు బట్టలన్నీ పెట్టెల్లో పెట్టించింది. ఆ పిల్లకీ ఇష్టం లేదు. పొద్దున్నే ఆకుపచ్చ చుడీదారులో వచ్చి, ఆఫీసులో నీలం ఆప్రాన్ తొడుక్కుని, దాన్నిండా చెమటతో తిరిగేది.

"అసిరమ్మ పిన్నీ, ఆ బొంత కూడా తియ్యాలి," అందో పూట.

ఎల్లాజీ తెచ్చిన గులాబీ చీర చిరిగాక, దాన్ని పైన వేసి అసిరమ్మ కుట్టుకున్న బొంత అది. "ఇది కప్పుకునీదమ్మా, ఆరేసీది కాదు."

"ఎండలో వేస్తావు కదా."

"నల్లులుంటే ఎయ్యొద్దేటి? నల్లులకి కూడా నీలం పుయ్యండి."

కుసుమ నవ్వాపుకుని, "బొంత ఒకటి – ట్రంకు పెట్టెలో" అని రాసుకుని వెళ్లిపోయింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. రాజధాని నుంచి పరిశీలకుడు దిగాడు, నెత్తిన టోపీ, మెడలో కెమెరా. రాజుగారు రోడ్డు మీంచి చూపించి ఊరుకుంటే సరిపోయేది. "అసలైన ముఖము సముద్రము వైపు," అని పట్టుబట్టారు. బాగుచేయించిన పడవ దానయ్యదొక్కటే ఖాళీగా ఉంది. దరఖాస్తుదారుణ్ణి కాబట్టి, లబ్ధిదారుల తరఫున నాలుగు మాటలు చెప్పడానికి నన్నూ ఎక్కించారు. రేవులో దండలు, బ్యాండు మేళం, కొబ్బరి బొండాలు సిద్ధంగా ఉన్నాయి.

ఎండాకాలం, పది గంటలవేళ. నీళ్ల మీంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. మైలు దాటాక రాజుగారు లేచి నిలబడి వెనక్కి తిరిగారు. కొండ మసగ్గా ఉంది. దాని కింద ఏమీ లేదు. నూట నలభై ఇళ్లు, ట్యాంకు, బడి, గుడి, బ్యాండు మేళం, ఏవీ లేవు.

ఆయన కళ్లు చెమర్చాయి. "అద్భుతం. సంపూర్ణ లయం."

పరిశీలకుడు కెమెరాలోంచి చూశాడు, కెమెరా తీసి చూశాడు. "వార్డు ఎక్కడండీ?"

"అదే కదండీ," అన్నారు రాజుగారు.

అతను తల పంకించి, వర్ణ క్రమశిక్షణ కింద వంద వేశాడు. మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుండగా దక్షిణపు గాలి లేచింది. చూస్తుండగానే కెరటాలు పెరిగాయి. పడవ లేచి పడడం మొదలెట్టింది. పరిశీలకుడు టోపీ ఒక చేత్తో, కడుపు ఒక చేత్తో పట్టుకున్నాడు.

"ఇక వెనక్కి పోనివ్వు," అన్నారు రాజుగారు.

దానయ్య ఇంజను తగ్గించాడు. "ఎటు పోనిమ్మంటారు బాబూ?"

"అదేమిటి, రేవుకి."

"రేవెక్కడో సెప్పండి, పోతాను. కొండ కింద మైలు పొడుగున రాళ్లున్నాయి. మద్దిన రెండు పడవలెడల్పు సందుంది. ఆ సందుకి గుర్తు మా ఒదిన గోడండి. తమరు నీలం పూసీసేరు."

"రోజూ ఎలా వస్తున్నావు మరి?"

"రోజూ చినరేవు పోతన్నామండి. ఇప్పుడీ గాలికి ఎదురు పోలేం. నూనె సాలదు."

రాజుగారు ఫోను తీసి కుసుమకి చేశారు. ఆయన ఎవరితో మాట్లాడినా స్పీకరు పెడతారు కాబట్టి మాకంతా వినపడింది.

"అమ్మా కుసుమా, మేము మీకు కనపడుచున్నామా?"

"కనపడుతున్నారు సార్. బాగా ఊగుతున్నారు."

"మీరు మాకు కనపడటం లేదు. ఏదైనా రంగు చూపించండి."

"రంగు లేదు సార్. తమరి ఆదేశం ప్రకారం నిన్ననే అన్నీ తీయించాం. నా చుడీదారు కూడా."

ఒక కెరటం పడవలోకొచ్చి రాజుగారి బూట్లు నింపి పోయింది. ఫోనులో ఏదో గలాటా వినపడి, అసిరమ్మ గొంతు వచ్చింది. "ఏండి బాబూ, నా బొంత ఆరెయ్యమంటారా? తరవాత అపరాధం రాయరు గదా?"

"వెయ్యమ్మా, వెయ్యి."

"నోటిమాటయితే నానొల్లను. రాతలో ఉండాల. మీరే సెప్పేరు కదా, ఏదయినా రాతలో ఉండాలని."

దానయ్య తలొంచుకున్నాడు. నవ్వుతున్నాడో, దణ్ణం పెట్టుకుంటున్నాడో నాకు తెలియలేదు. రాజుగారు నా వైపు చూశారు. లబ్ధిదారుల ఉపన్యాసం రాసుకున్న కాగితం వెనక, పడవ లేచిపడుతుండగా, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను: "అసాధారణ వాతావరణ పరిస్థితుల దృష్ట్యా, తాత్కాలిక ప్రాతిపదికన, ఒక పర్యాయమునకు మాత్రమే, ఇతర వర్ణపు బొంత ఒకటి ఆరవేయుటకు..."

ఇక్కడి దాకా వచ్చేసరికి దానయ్య ఇంజను పెంచాడు. నేను తలెత్తాను. నీలంలో నీలంగా ఉన్నచోట, గోరంత గులాబీ. మేడ పిట్టగోడ మీంచి వేలాడుతోంది. తర్వాత కుసుమ చెప్పింది: ఫోను ఆమె చేతిలోంచి లాక్కునేటప్పటికే అసిరమ్మ బొంత కట్టేసి ఉంది, రాతకోసం పట్టుబట్టింది మరిది రేవు చేరడానికి కాదు, రేపెవరూ అపరాధం వెయ్యకుండానట.

దానయ్య ఆ గులాబీ చుక్కని తాడిచెట్టు ఉండాల్సిన చోటుకి పక్కన పెట్టుకుని, మధ్య కెరటం కోసం ఆగి, దాని వీపు మీద పడవని లోపలికి జార్చాడు. రెండు పక్కలా నల్లరాళ్లు నురగ కక్కుతూ వెనక్కిపోయాయి. ఇసుక తగలగానే బ్యాండు మేళం మొదలైంది. పరిశీలకుడు దండ వేయించుకోకుండానే బొండాల పక్కన కూలబడ్డాడు. రాజుగారు ఒక్కో బూటూ విప్పి నీళ్లు ఒంపుకుంటూ, మళ్లీ సముద్రం వైపు తిరగలేదు.

మా వార్డుకి మొదటి బహుమతి వచ్చింది. మూడు వారాలకి ఉత్తర్వూ వచ్చింది. నేనే చదివి వినిపించాను. పడవల భద్రతను దృష్టిలో ఉంచుకుని, అసిరమ్మ మేడపై పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గల అధీకృత తీర చిహ్నము ఒకటి శాశ్వతంగా ప్రదర్శించుటకు అనుమతించడమైనది. సదరు చిహ్నము నాలుగు వందల పదిహేడు షేడులో ఉండవలెను. గుడ్డ ప్రభుత్వమే సరఫరా చేయును.

గుడ్డ జీపులో వచ్చింది. మంచి దళసరి గుడ్డ. అసిరమ్మ రెండు చేతులా తడిమి చూసి, ఇసుకలో పరిచి, దాని మీద నెత్తళ్లు ఎండబోసింది. ఆ సాయంత్రమే దానయ్య నడుముకి తాడు కట్టి మేడ మీంచి దింపింది. పడవకి వేయగా మిగిలిన రంగు కాదు, ఈసారి కొత్త డబ్బా, ముదురు గులాబీది.

నెల్లాళ్లకి రాజుగారు తనిఖీకి వచ్చారు. కారులో, రోడ్డు మీంచి. ఇంటి ముందు నిలబడి రోడ్డు వైపు గోడ చూశారు, పక్కగోడలు రెండూ చూశారు. మూడూ నికార్సయిన నాలుగు వందల పదిహేడు. మేడ మీద గుడ్డ ఏదని అడగలేదు. అసిరమ్మ గంపలో గులివిందలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"వెనక వైపు గోడ?" అన్నారు.

"అదీ ఉందండి," అంది అసిరమ్మ. "సముద్రంలోంచి సూడాల. దానయ్య పడవ సిద్దంగా ఉంది, ఎక్కండి."

రాజుగారు సముద్రం వైపు చూశారు. తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నారు. కొత్తవి. కుసుమ చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, కారు బానెట్ మీద పెట్టి, "నాలుగు వైపులా స్వయముగా పరిశీలించితిని. సంతృప్తికరము," అని రాసి సంతకం చేశారు.

గులివిందలు రెండు కిలోలు కట్టించుకుని వెళ్లారు.